అభ్యర్థిని ఎంచే హక్కు ఎవరిది?

అమెరికా అధ్యక్ష ఎన్నికల సందడి మొదలైన ప్రతిసారీ మన టీవీ చర్చల్లోనూ, పత్రికల విశ్లేషణల్లోనూ ‘నల్లజాతి ఓటు బ్యాంకు’ అనే మాట తప్పకుండా వినిపిస్తుంది. ఆ మాటను మనం అక్కడి నుంచి తెచ్చుకోలేదు. ఇక్కడి మాటనే అక్కడివారికి తగిలిస్తున్నాం. 1950లలో భారతీయ గ్రామ రాజకీయాల గురించి రాస్తూ సామాజిక శాస్త్రవేత్త ఎం.ఎన్. శ్రీనివాస్ దానిని ప్రచారంలోకి తెచ్చారు. తనపై ఆధారపడి బతికేవారి ఓట్లను గుత్తగా చేతిలో పెట్టుకున్న గ్రామపెద్దను ఉద్దేశించి ఆయన ఆ మాట వాడారు. కాలక్రమంలో ఆ పెద్దమనిషి అందులోంచి చల్లగా జారుకున్నాడు. ఓటు వేసే పేదవాడిని ఎత్తిపొడవడానికే అది మిగిలింది. మాలపల్లె ఒక పార్టీకి ఓటేస్తే ఓటు బ్యాంకు, మిగతా ఊరంతా ఒకే కులపు నాయకుడికి ఓటేస్తే అది మాత్రం ‘ప్రభంజనం’.

అమెరికా ప్రైమరీల గురించి ఈ పేజీలో రాయడానికి నాకు కారణముంది. పీడిత సమూహపు ఓటరు అభ్యర్థులను ఎలా తూకం వేస్తాడన్న ప్రశ్నకు గత 20 ఏళ్లలో ఆ దేశంలో కనిపించినంత స్పష్టమైన సమాధానం మరెక్కడా నాకు కనిపించలేదు. ఆ తూకపు రాయి ఒకప్పుడు మన చేతికీ వచ్చింది. పదేళ్ల గడువుతో వచ్చి, గడువు తీరగానే పోయింది. పోయిందన్న సంగతి కూడా మనలో చాలామందికి గుర్తులేదు.

ముందుగా 2020 నాటి సంగతి. అమెరికాలో పార్టీ అభ్యర్థిని అధిష్ఠానం ప్రకటించదు. రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీలలో సాధారణ ఓటర్లే ఎంచుకుంటారు. ఆ ఏడాది డెమోక్రాటిక్ పార్టీ పోటీలో జో బైడెన్ పని దాదాపు అయిపోయిందనే అందరూ రాశారు. అయోవాలో నాలుగో స్థానం, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం, నెవాడాలో ఎంతో వెనుకబడిన రెండో స్థానం. అయోవా, న్యూ హాంప్‌షైర్ రెండూ తెల్లవారి రాష్ట్రాలు. ఆ తర్వాత ఫిబ్రవరి 29న సౌత్ కరోలినా వంతు వచ్చింది. అక్కడి డెమోక్రాటిక్ ప్రైమరీ ఓటర్లలో సగానికి పైగా నల్లజాతివారు. బైడెన్‌కు దాదాపు 49 శాతం ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న బెర్నీ సాండర్స్‌కు వచ్చింది 20 శాతం. నల్లజాతి ఓటర్లలో పదిమందికి ఆరుగురు బైడెన్ వైపు నిలిచారు. నాలుగు రోజుల్లో లెక్కంతా తలకిందులైంది. పీట్ బూటిజెజ్, ఏమీ క్లోబుచార్ పోటీ నుంచి తప్పుకున్నారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో ఓటింగ్ జరిగితే పదింటిని బైడెన్ గెలుచుకున్నారు. అంటే ఆ ఏడాది అమెరికా అధ్యక్షుణ్ని నిర్ణయించినది ఒకనాటి బానిసల మనుమలూ మునిమనుమలేనంటే అతిశయోక్తి కాదు.

దీనిని చాలామంది ఎలా వివరించారు? పోలింగుకు మూడు రోజుల ముందు ఆ రాష్ట్రపు పెద్దాయన, పార్లమెంటు సభ్యుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించారు, ఆయన వేలు చూపగానే అందరూ అటు నడిచారు అని. మన పల్లెల గురించి మాట్లాడేటప్పుడు వాడే వాక్యమే ఇది. క్లైబర్న్ మాటకు విలువ ఉంది, కాదనను. కానీ ఆ మాట పడిన నేలను కూడా చూడాలి. కమలా హారిస్ 2019 డిసెంబరులోనే పోటీ విరమించారు. కోరీ బూకర్ 2020 జనవరిలో వైదొలిగారు. ఇద్దరూ నల్లజాతివారే. వారు బరిలో ఉన్నంతకాలం కూడా సౌత్ కరోలినా నల్లజాతి ఓటర్లలో మొగ్గు బైడెన్‌దే. చర్మం రంగు చూసి గుడ్డిగా వేసే ఓటే అయితే ఇలా జరగదు. టామ్ స్టయర్ అనే కుబేరుడు ఆ రాష్ట్రంలో కోట్లాది డాలర్లు గుమ్మరించాడు. అతనికి దక్కింది 11 శాతం ఓట్లు. డబ్బుకు అమ్ముడుపోయే ఓటే అయినా ఇలా జరగదు. పేదలకు ఉచిత వైద్యం, ఉచిత చదువు అన్న సాండర్స్ నినాదాలు వారికి రుచించక కాదు. యువతలో ఆయనకు ఆదరణ బాగానే ఉంది. మరి పెద్దవాళ్లు ఎందుకు అటు వెళ్లలేదు?

వారు వేసిన తూకం రెండంచెలది. నాకు ఎవరు కావాలన్నది మొదటి అంచె. తెల్లవాడు ఎవరిని సహిస్తాడన్నది రెండోది. డోనాల్డ్ ట్రంప్ మరో నాలుగేళ్లు ఉంటే మొదట దెబ్బతినేది తామేనని వారికి తెలుసు. సిద్ధాంత పరీక్ష పెట్టుకునే విలాసం వారికి లేదు. ఓడిపోతే తిరిగి విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పుకునే వర్గం వేరు, ఓడిపోతే పోలీసు లాఠీకి ఎదురుపడే వర్గం వేరు. నవంబరులో మిషిగన్‌లోనో, పెన్సిల్వేనియాలోనో తెల్లజాతి కార్మికుడు ఎవరికి ఓటు వేయగలడో, అతని మనసులో దాగిన ద్వేషం ఏ హద్దు దగ్గర మేల్కొంటుందో వారు లెక్కించారు. పీడకుడి మనసును పీడితుడు చదివినంత నిశితంగా ఏ సర్వే సంస్థా చదవలేదు. తరతరాలుగా అది వారి బతుకుతెరువు విద్య. మన వాడల్లో ముసలమ్మలకూ ఆ విద్య వచ్చు. ఏ దొర ఏ మాటకు నవ్వుతాడో, ఏ మాటకు కర్ర తీస్తాడో ఆమెకు తెలిసినంత వివరంగా ఆ దొర భార్యకు కూడా తెలియదు.

2008లోనూ జరిగింది ఇదే, అటునుంచి ఇటుగా. బరాక్ ఒబామా పోటీలోకి దిగగానే నల్లజాతి ఓటర్లు ఆయన వెనుక బారులు తీరారని అనుకునేవారు ఎక్కువ. 2007 అంతా వారు హిల్లరీ క్లింటన్‌కూ ఆయనకూ మధ్య ఊగిసలాడారు. సెల్మా వంతెన మీద పోలీసు దెబ్బలు తిన్న జాన్ లూయిస్ అంతటి నాయకుడే మొదట క్లింటన్‌కు మద్దతిచ్చి, 2008 ఫిబ్రవరిలో ఒబామా వైపు మారారు. మధ్యలో ఏం జరిగింది? జనవరి 3న, జనాభాలో నూటికి తొంభైమంది తెల్లవారున్న అయోవాలో ఒబామా గెలిచారు. తెల్లవాడు మనవాడికి ఓటు వేస్తాడా అన్న అనుమానం ఆ రాత్రి తీరింది. జనవరి 26న సౌత్ కరోలినాలో ఒబామాకు 55 శాతం, క్లింటన్‌కు 27 శాతం ఓట్లు పడ్డాయి. నల్లజాతి ఓటర్లలో నూటికి 78 మంది ఆయనవైపే. ఆత్మగౌరవం వారిలో అంతకుముందు లేక కాదు. ఆ ఓటు వృథా పోదన్న రుజువు కోసం వేచి ఉన్నారు, అంతే.

ఈ తూకాన్ని నేను ఆకాశానికెత్తడం లేదు. ఇందులో ఒక ఉచ్చు ఉంది. అవతలివాడు సహించేవాణ్నే ఎంచుకుంటూ పోతే, అవతలివాడి అసహనమే చివరికి మన అభ్యర్థిని నిర్ణయిస్తుంది. 1972లో షర్లీ చిసోమ్ అధ్యక్ష పదవికి పోటీ చేసినప్పుడు నల్లజాతి పురుష నాయకుల్లో చాలామంది ఈ లెక్కే చెప్పి ఆమెకు దూరంగా ఉన్నారు. ఆమె మాత్రం చివరిదాకా నిలబడి, మయామీ మహాసభలో 152 మంది ప్రతినిధుల ఓట్లు పొందింది. సౌత్ కరోలినాలోనే పుట్టిన జెస్సీ జాక్సన్ 1984లోనూ 1988లోనూ పోటీ చేశారు. రెండోసారి దాదాపు 70 లక్షల ఓట్లు తెచ్చుకున్నారు. ఆయన గెలవలేదు. కానీ ఆ బలంతో పార్టీతో బేరం ఆడి, ప్రైమరీలో మొదటి స్థానం వచ్చినవాడే మొత్తం ప్రతినిధులను ఎగరేసుకుపోయే పద్ధతిని మాన్పించారు. వచ్చిన ఓట్ల నిష్పత్తిలో ప్రతినిధులను పంచే నియమం బలపడింది. 20 ఏళ్ల తర్వాత క్లింటన్‌తో హోరాహోరీ పోరులో ఒబామాను గట్టెక్కించిన వాటిలో ఆ నియమం ఒకటి. ఓడిపోయిన అభ్యర్థి ఆట నియమాలు మార్చి వెళ్లడమన్నది మన బహుజన రాజకీయాలు ఇంకా సరిగా నేర్చుకోని పాఠం. మనం ఓడినప్పుడు ఆవేదన ప్రకటిస్తాం, లేదా గెలిచిన పార్టీలో చేరిపోతాం.

మరి 2020 నాటి ఓటుకు ప్రతిఫలం దక్కిందా? కొంత దక్కింది. పోలింగుకు నాలుగు రోజుల ముందు చార్లెస్టన్‌లో జరిగిన చర్చావేదిక మీద, సుప్రీంకోర్టుకు ఒక నల్లజాతి మహిళను పంపుతానని బైడెన్ మాట ఇచ్చారు. 2022లో కెటాంజీ బ్రౌన్ జాక్సన్ నియామకంతో ఆ మాట నిలుపుకున్నారు. అంతకంటే ముఖ్యమైన ఓటుహక్కుల పరిరక్షణ బిల్లు, జాన్ లూయిస్ పేరు పెట్టుకున్నదే, 2022 జనవరిలో సెనేట్ దాటలేకపోయింది. కొంత బాకీ తీరింది, పెద్ద బాకీ మిగిలింది. బాకీ అడిగే హక్కు మాత్రం ఓటర్ల దగ్గరే ఉంది. ఎందుకంటే అభ్యర్థిని అభ్యర్థిగా చేసింది వారే.

ఈ చివరి మాట దగ్గరే ఆగి ఆలోచించాలి. ప్రైమరీలో ఓటు వేయడమనేది నల్లజాతివారికి ఎవరూ పళ్లెంలో పెట్టి ఇవ్వలేదు. 20వ శతాబ్దపు మొదటి సగంలో అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఉన్నది ఆచరణలో ఒకే పార్టీ, డెమోక్రాటిక్ పార్టీ. ప్రైమరీలో గెలిచినవాడే ఎన్నికలో గెలిచినట్టు. నవంబరు పోలింగు లాంఛనం మాత్రమే. కాబట్టి నల్లవారిని దూరం పెట్టదలచినవారు నవంబరు గురించి పెద్దగా బెంగపడలేదు. ప్రైమరీ తలుపు మూశారు. ‘తెల్లవారి ప్రైమరీ’ అని దానికి పేరు. టెక్సస్ 1923లో ఏకంగా చట్టమే చేసింది. కోర్టు దానిని కొట్టేస్తే, పార్టీ అనేది ప్రైవేటు సంఘం, సభ్యులెవరో మా ఇష్టం అన్నారు. 1935లో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకుంది కూడా. హ్యూస్టన్‌కు చెందిన లోనీ స్మిత్ అనే దంతవైద్యుడు వేసిన కేసులో, థర్‌గుడ్ మార్షల్ వాదన మీద, 1944 ఏప్రిల్‌లో అదే కోర్టు తన తీర్పును తానే తిరగరాసింది.

వెంటనే సౌత్ కరోలినా ఏం చేసిందో చూడండి. గవర్నర్ ఓలిన్ జాన్‌స్టన్ అదే నెలలో శాసనసభను ప్రత్యేకంగా సమావేశపరిచాడు. ప్రైమరీలను ప్రస్తావించే చట్టాలన్నిటినీ, అవి నూట యాభైకి చేరువలో ఉన్నాయి, ఒక్క వారంలో రద్దు చేయించాడు. చట్టమే లేకపోతే ప్రభుత్వ ప్రమేయమే లేదు. మాది ఒక క్లబ్బు, క్లబ్బులోకి ఎవరిని రానివ్వాలో మేమే చూసుకుంటాం అన్నది ఎత్తుగడ. కొలంబియా నగరంలో చిన్న వ్యాపారం చేసుకునే జార్జ్ ఎల్మోర్ 1946 ప్రైమరీలో ఓటు వేయబోతే గెంటేశారు. అతను కోర్టుకెక్కాడు. 1947 జులైలో జడ్జి వేటీస్ వేరింగ్ అతని పక్షాన తీర్పు చెప్పాడు. 1948 ఆగస్టులో ఆ రాష్ట్రపు నల్లజాతివారు ప్రైమరీలో ఓటు వేశారు. ఎల్మోర్ వ్యాపారం తెల్లవారి కక్షసాధింపుకు కుప్పకూలింది. వేరింగ్ స్వయంగా చార్లెస్టన్ పెద్దింటి బిడ్డ. తనవాళ్ల వెలికి గురై కొన్నేళ్లకే ఆ ఊరు వదిలి న్యూయార్క్ వెళ్లిపోయాడు. 2020 ఫిబ్రవరిలో బైడెన్‌కు ఓటేసిన 80 ఏళ్ల ముసలివాళ్లు, తల్లిదండ్రులకు ఆ హక్కు లేని రోజుల్లో పుట్టినవాళ్లే.

టెక్సస్‌లో ఇంకో చిత్రం జరిగింది. ఫోర్ట్ బెండ్ కౌంటీలో ‘జేబర్డ్ సంఘం’ అని తెల్లవారి సంఘం ఒకటి ఉండేది. ప్రైమరీకి కూడా ముందే ఈ సంఘం తనలో తాను ఒక ఎన్నిక జరుపుకునేది. అందులో గెలిచినవాడికి ప్రైమరీలో ఎవరూ ఎదురు నిలిచేవారు కాదు. నల్లవాళ్లు అటు ప్రైమరీలోనూ ఓటు వేయవచ్చు, ఇటు నవంబరులోనూ వేయవచ్చు. నిర్ణయం మాత్రం అంతకుముందే అయిపోయేది. 1953లో సుప్రీంకోర్టు దానిని కూడా చెల్లదంది. జేబర్డ్ సంఘం గురించి చదివినప్పుడు నాకు మన జిల్లా కేంద్రాల్లో ఎన్నికల ముందు జరిగే ‘ముఖ్యుల సమావేశాలు’ గుర్తొచ్చాయి. గుర్తురాకపోతేనే వింత.

ఇక మన కథ. 1932 సెప్టెంబరు 24న యరవాడ జైలులో కుదిరిన పూనా ఒడంబడిక గురించి మనకు రెండు సంగతులు బాగా తెలుసు. ప్రత్యేక నియోజకవర్గాలు పోయాయి; 71 సీట్ల స్థానంలో 148 వచ్చాయి. మూడో సంగతి అరుదుగా ప్రస్తావనకు వస్తుంది. రిజర్వుడు సీటుకు ఎవరెవరు పోటీ చేయాలో తేల్చేందుకు ముందుగా ఒక ప్రాథమిక ఎన్నిక ఉండాలని ఆ ఒడంబడిక చెప్పింది. అందులో ఓటు వేసేది అణగారిన వర్గాల ఓటర్లు మాత్రమే. ఒక్కొక్కరికి ఒక్క ఓటు. ఎక్కువ ఓట్లు వచ్చిన నలుగురు అభ్యర్థులవుతారు. ఆ నలుగురిలో ఒకరిని మాత్రమే మొత్తం ఓటర్లు, సవర్ణులతో సహా, ఎన్నుకోవాలి. అంటే ప్రైమరీ. అమెరికా దక్షిణాదిలో నల్లవాళ్లను ప్రైమరీ గడప తొక్కనివ్వని రోజుల్లోనే, భారతదేశంలో అంటరానివారికి తమదైన ప్రైమరీని కాగితం మీద సాధించాడు అంబేడ్కర్.

ఆచరణలో అది బలహీనమైన ఆయుధమే. నలుగురికి మించి పోటీలో ఉంటేనే ప్రాథమిక ఎన్నిక జరగాలి. అందుకే అది చాలాచోట్ల జరగనే లేదు. జరిగిన చోట, ప్రాథమిక ఎన్నికలో తన వాళ్ల ఓట్లతో మొదటి స్థానంలో నిలిచినవాడు తుది ఎన్నికలో ఓడిపోవచ్చు. నాలుగో స్థానంలో నిలిచినవాడు సవర్ణుల ఓట్లతో గెలవవచ్చు. 1945-46లో షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు సరిగ్గా ఇదే అనుభవమైంది. ప్రాథమిక ఎన్నికల్లో ముందున్న ఆ పార్టీ అభ్యర్థులు తుది ఎన్నికల్లో కాంగ్రెస్ చేతిలో ఓడారు. దళితుల మనసు ఎటుందో, వారికి దక్కిన ప్రతినిధి ఎవరో, రెండింటి మధ్య దూరం ఎంతో ఆ ఎన్నికలు లెక్కతో సహా చూపాయి. ఆ లెక్కను బ్రిటిష్ క్యాబినెట్ మిషన్ ముందు పెట్టాడు అంబేడ్కర్. ఆ పద్ధతికి ఇంతకంటే గొప్ప ప్రయోజనం నాకు కనిపించదు. గెలిపించలేకపోయినా సాక్ష్యం చెప్పింది.

ఒడంబడికలో రాసుకున్న పదేళ్ల గడువు ముగిసింది. రాజ్యాంగంలోకి రిజర్వుడు సీట్లు వచ్చాయి, ప్రాథమిక ఎన్నిక రాలేదు. దాని ప్రాణాన్నైనా నిలబెట్టాలని ప్రయత్నించిన ఒకాయన ఉన్నారు. మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లిన షెడ్యూల్డ్ కులాల సభ్యుడు ఎస్. నాగప్ప. 1947 ఆగస్టు 28న ఆయన ఒక సవరణ ప్రతిపాదించారు. రిజర్వుడు సీటులో గెలిచినట్టు ప్రకటించాలంటే, ఆ అభ్యర్థికి షెడ్యూల్డ్ కులాల వారు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం రావాలని. చాలా వినయమైన కోరిక. సగం కూడా అడగలేదు. సర్దార్ పటేల్ ఒప్పుకోలేదు, సవరణ ఉపసంహరణ అయింది. 1952లో స్వయంగా అంబేడ్కర్ బొంబాయిలో కాంగ్రెస్ అభ్యర్థి నారాయణ్ కజ్రోల్కర్ చేతిలో ఓడిపోయారు. 1982లో, ఒడంబడికకు 50 ఏళ్లు నిండిన రోజున, కాన్షీరామ్ ‘చంచా యుగం’ ప్రచురించారు. ఆ పుస్తకంలోని కోపం వ్యక్తుల మీద అని చాలామంది పొరబడతారు. చంచాలను తయారుచేసే యంత్రం మీద ఆయన కోపం.

ఆ యంత్రం ఇప్పుడు ఎలా పనిచేస్తోంది? ఆంధ్రప్రదేశ్‌లోని 175 శాసనసభ స్థానాల్లో 29, తెలంగాణలోని 119లో 19 షెడ్యూల్డ్ కులాలకు కేటాయించినవి. దాదాపు అన్నిటిలోనూ దళిత ఓటర్లు మైనారిటీయే. గెలుపు ఇతర కులాల ఓట్ల మీద ఆధారపడి ఉంటుందని అందరికీ తెలుసు. సౌత్ కరోలినా ఓటరు వేసిన రెండో అంచె తూకం, అవతలివాడు ఎవరిని సహిస్తాడన్న తూకం, ఇక్కడా పడుతుంది. కానీ దానిని వేసేది దళిత ఓటరు కాడు. హైదరాబాదులోనో, తాడేపల్లిలోనో, ఢిల్లీలోనో కూర్చున్న అధిష్ఠానం వేస్తుంది. నియోజకవర్గంలోని భూస్వామ్య కులపు ‘ముఖ్యుడు’ వేస్తాడు. బి ఫారం చేతికందిన అభ్యర్థి మొదట వెళ్లేది ఆ ముఖ్యుడి ఇంటికే. గెలిచాక బదిలీలు, కాంట్రాక్టులు, ఇసుక రేవులు ఆయన కనుసన్నల్లోనే నడుస్తాయి. ఎమ్మెల్యే కారులో ముందు సీటులో ఎవరు కూర్చుంటారో చూస్తే చాలు, ఆ నియోజకవర్గం ఎవరిదో తెలుస్తుంది.

వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఒకటేనంటారు. రిజర్వుడు సీటు మన చేతికి గరిటె ఇచ్చింది. ఏం వండాలో, ఎవరికెంత పెట్టాలో చెప్పే గొంతు మాత్రం వంటింట్లోనే ఉండిపోయింది. పైగా 1985 నాటి ఫిరాయింపుల నిషేధ చట్టం తర్వాత, విప్ జారీ అయితే ఎదురుతిరిగే దారి కూడా లేదు. కారంచేడు, చుండూరు మారణకాండల తర్వాత ఎంతమంది రిజర్వుడు ఎమ్మెల్యేలు పదవులు వదిలి వీధుల్లోకి వచ్చారని నిలదీయడం తేలిక. ఆ పదవి వారికి ఎవరు ఇచ్చారో, ఎవరు మాత్రమే తీసుకోగలరో కూడా అడగాలి కదా.

పార్టీలు తమ అభ్యర్థులను ఎలా ఎంచుకోవాలో చెప్పే చట్టం మనకు లేదు. పార్టీల అంతర్గత ప్రజాస్వామ్యానికి చట్టరూపం ఇవ్వాలని లా కమిషన్ 1999లోనే సిఫారసు చేసింది. అది అలాగే ఉంది. 2014 లోక్‌సభ ఎన్నికల ముందు రాహుల్ గాంధీ కొద్ది నియోజకవర్గాల్లో ప్రైమరీల ప్రయోగం చేశారు. ఓటు వేసింది పార్టీ శ్రేణులే తప్ప ప్రజలు కాదు, ఆ తర్వాత దాని ఊసే లేదు. 2023లో తెలంగాణ కాంగ్రెస్ టికెట్లకు దరఖాస్తులు పిలిచింది. జనరల్ అభ్యర్థికి 50 వేలు, ఎస్సీ, ఎస్టీలకు 25 వేలు రుసుము. రాయితీ దరఖాస్తు ఫారానికే. పార్టీ అంటే క్లబ్బు, క్లబ్బు విషయం మేం చూసుకుంటామన్న 1944 నాటి సౌత్ కరోలినా వాదనను మనదేశంలో ఎవరూ పైకి అనరు. అనాల్సిన అవసరమే రాలేదు.

ప్రైమరీ పెడితే డబ్బు మరింత పారుతుంది అంటారు. నిజమే, పారవచ్చు. ఇప్పుడు మాత్రం టికెట్ ఉచితంగా దొరుకుతోందా? ఒక్క గదిలో పెట్టే ఖర్చు ఊళ్లకు మళ్లితే కనీసం కళ్లకు కనబడుతుంది. అంతకంటే బరువైన అభ్యంతరం మనలో మనకు ఉన్నదే. దళితుల మధ్య ప్రాథమిక ఎన్నిక పెడితే సంఖ్యాబలం ఉన్న ఉపకులమే అన్నీ తన్నుకుపోతుందని. వర్గీకరణ కోసం మూడు దశాబ్దాలు పోరాడి, 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు సాధించుకున్న నేల మీద ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసేయలేం. కానీ పూనా పద్ధతిని జాగ్రత్తగా చూడండి. నాలుగు స్థానాలు, ఒక్కొక్కరికి ఒకే ఓటు. అయిదో వంతుకు మించి ఓట్లు ఉన్న ఏ సమూహమైనా ఒకే అభ్యర్థి వెనుక నిలిస్తే, ఆ నలుగురిలో తనవాడు ఒకడు ఉండి తీరతాడు, అది గణితం. మాల, మాదిగల్లో ఎవరు ఎక్కువైనా రెండోవారిని పూర్తిగా తుడిచిపెట్టలేరు. ఉత్తరాంధ్రలో రెల్లివారికీ కొన్నిచోట్ల అవకాశం దొరకవచ్చు. చిందు, డక్కలి, బుడగ జంగాలకు అదీ చాలదు. వారికి నామినేషన్ ద్వారానో, స్థానిక సంస్థల ద్వారానో వేరే దారి వెతకాలి. ఆ పని ఇప్పటి పద్ధతి ఎలాగూ చేయడం లేదు.

చట్టసభల్లో షెడ్యూల్డ్ కులాల, తెగల సీట్ల గడువు 2030 జనవరితో ముగుస్తుంది. ప్రతి పదేళ్లకూ జరిగినట్టే ఇంకో సవరణ వస్తుంది, అన్ని పార్టీలూ బల్లలు చరుస్తాయి, అయిదు నిమిషాల్లో పొడిగింపు అయిపోతుంది. ఈసారి ఆ అయిదు నిమిషాలను మనం అడ్డుకోవాలని నా కోరిక. సీటుతో పాటు ఆ సీటుకు అభ్యర్థులను ఎంచే ప్రాథమిక ఎన్నికను కూడా అడగాలి. అది కుదరదంటే నాగప్ప అడిగిన 35 శాతం నిబంధననైనా మళ్లీ బల్లమీద పెట్టాలి. దళిత సంఘాల ఎజెండాల్లో విగ్రహాలకూ భవనాలకూ ఉన్న చోటు ఈ కోరికకు లేకపోవడం నాకు అంతుపట్టదు.

ఇంతలో 2028 వస్తుంది, అమెరికాలో మళ్లీ ప్రైమరీలు. ఈసారి తూకం వేసేవారిలో మనవాళ్లూ ఉంటారు. అక్కడి పౌరసత్వం పొందిన తెలుగువాళ్లలో దళితుల సంఖ్య చిన్నదే కావచ్చు. వారిముందు ఉన్న ప్రశ్న మాత్రం చిన్నది కాదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ రాష్ట్రమంతటికీ వర్తించేలా ఎస్‌బి 403 బిల్లును ఆమోదించింది. అక్టోబరు 7న గవర్నర్ గవిన్ న్యూసమ్, ఉన్న చట్టాలే చాలునంటూ దానిని తిప్పి పంపారు. 2028 డెమోక్రాటిక్ పోటీదారుల్లో ఆయన పేరు ముందు వరుసలో వినిపిస్తోంది. మిగతా విషయాల్లో వలసదారులకు అండగా నిలుస్తానంటున్న మనిషి, ట్రంప్ రాజకీయాలను గట్టిగా ఎదిరిస్తున్న మనిషి. కులం దగ్గరికి వచ్చేసరికి సంతకం పెట్టని మనిషి కూడా. బిల్లు వద్దని గొంతెత్తిన ప్రవాస సవర్ణ సంఘాలూ అక్కడే ఉన్నాయి. వారి దగ్గర విరాళాలున్నాయి.

ఊళ్లో రిజర్వుడు నియోజకవర్గంలో పుట్టి, అభ్యర్థి ఎవరన్నది ఏనాడూ తనను ఎవరూ అడగని చోట పెరిగి, ఇప్పుడు శాన్ హోసేలోనో, ఫ్రీమాంట్‌లోనో స్థిరపడిన దళిత ఇంజనీరుకు ఆ ప్రైమరీ బ్యాలెట్ పోస్టులో ఇంటికే వస్తుంది. ఆయనను బలపరచాలా, బిల్లు మీద మాట ఇచ్చేదాకా ఆపాలా, మరొకరి వెనుక నిలవాలా అన్నది నేను ఇక్కడ కూర్చుని చెప్పదగిన విషయం కాదు. అది ఆ ఇంటి వంటగదిలో, ఆ వాట్సాప్ బృందాల్లో, అంబేడ్కర్ జయంతి సభల తర్వాత కాఫీల దగ్గర తేలాల్సిన విషయం. వాళ్లు అభ్యర్థుల చేత ముందుగా మాట అడిగించుకునే రాతపూర్వక ప్రశ్నావళి ఒకటి తయారుచేస్తే, దాని తెలుగు ప్రతిని మాకూ పంపమని మాత్రం కోరతాను. 2029లో మా దగ్గర టికెట్లు పంచేవాళ్ల ముందు అది పెట్టి చూస్తాం.